పోర్టు అను మాట

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



రుషికొండలో తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు పోర్టు అను మాట ఎన్ని నోళ్ళలో ఎన్ని అర్థములతో పలుకుచున్నదో ఎవరైనను చెవియొగ్గి వినినచో ఆశ్చర్యము కలుగక మానదు. వేకువను ఇసుకమీదికి పడవ లాగుచున్న జాలరికి పోర్టనగా దక్షిణమున డాల్ఫిన్ నోస్ కొండ చాటున నిలిచిన ఓడలు, క్రేనులు. కొండమీది కంప్యూటరు కార్యాలయమునకు పోవు కుఱ్ఱవానికి పోర్టనగా యంత్రము ప్రక్కను తీగ దూర్చెడి రంధ్రము. టీ కొట్టువద్ద నిలిచినవాడు "నెంబరు పోర్టు పెట్టేశాను" అన్నచో వాడు ఓడ నెక్కలేదు, ఫోను కంపెనీ మార్చినాడు. ఓడ ఉద్యోగమునుండి సెలవుమీద వచ్చినవానికి పోర్టనగా ఎడమ ప్రక్క. ఆశ్వయుజ కార్తీకములలో రేడియో "పోర్టుకు మూడవ నెంబరు హెచ్చరిక" అని పలికినపుడు మాత్రము ఈ అందఱును ఒక్క అర్థమునే తలచి ఆకాశమువైపు చూతురు. ఆ సంఖ్యకు సరియైన అర్థమేమో తెలిసినవారు వారిలో ఎందఱు? ఈ ప్రసంగము తుదకు చేరవలసినది ఆ ప్రశ్నవద్దకే. అయినను మాట పుట్టినచోటినుండి నడచుట మేలు.

ఏ గ్రామ గ్రంథాలయమున చూచినను, నవలల తరువాత అంచులు నలిగిన పుస్తకము ఇంగ్లీషు తెలుగు నిఘంటువే. అందులో పోర్టు అను మాటను వెదకినచో రేవు అని యుండును. హార్బరు అను మాటకును రేవే. హేవెన్ అను మాటకును రేవే. మూడు మాటలకు ఒకే తెలుగు చూపినపుడు చదువరి ఈ మూడును ఒకటే కాబోలు ననుకొని పుస్తకము మూయును. నిఘంటువు అబద్ధమాడలేదు, సగము చెప్పి ఊరకున్నది. మిగిలిన సగము ఊరివారు తమంత తాము తెలిసికొనవలసినదే.

లాటిను భాషలో మూడు మాటలు అక్కచెల్లెండ్రవలె కలవు. పోర్టుస్ అనగా రేవు. పోర్టా అనగా ద్వారము. పోర్టారే అనగా మోయుట, కొనిపోవుట. ఈ మూటికిని తల్లివేరు ఒక్కటే. దాని అర్థము దాటుట, ఆవలికి చేర్చుట. ఆ వేరే సంస్కృతమున పారము, అనగా ఆవలి ఒడ్డు, అయినది. గ్రీకుభాషలో రేవుదారికి పేరైనది. ఇంగ్లీషున పడవ దాటించు ఫెర్రీ అయినది. కావున కావ్యములలో పారము చేరుట అని చదివినవాడు పోర్టు అను మాటకు దూరపు చుట్టమును ఎఱుగకయే ఎఱిగినవాడు.

రేవు, గుమ్మము, మోత. ఈ మూడు తలుపులు గుర్తున్నచో ఇంగ్లీషున సగము దినపత్రిక తెఱచుకొనును.

కంప్యూటరునకున్న పోర్టు గుమ్మపు వంశము. తీగద్వారా సమాచారము లోనికి వెలికి పోవు ద్వారమది. ప్రభుత్వపు దరఖాస్తు పెట్టు పోర్టల్ కూడ గుమ్మమే. ఓడగోడకుండు గుండ్రని కిటికీకి పోర్ట్‌హోల్ అని పేరు; ఒకప్పుడు ఫిరంగిమూతి బయటపెట్టుటకు తెఱచిన తలుపులనుండి వచ్చినదది. మోత వంశము ఇంకను పెద్దది. రిపోర్టు అనగా వెనుకకు మోసికొని వచ్చినది. రక్తపరీక్ష రిపోర్టుకై ఆస్పత్రి వరండాలో వేచియున్నవాడు ఆ అర్థమును ఒంటితో ఎఱుగును. సపోర్టు అనగా క్రిందనుండి మోయుట. ట్రాన్స్‌పోర్టు అనగా ఆవలికి మోయుట. డిపోర్టు అనగా బయటికి కొనిపోవుట. గల్ఫు దేశములకు పోయి కాగితములు సరిగా లేక తిరిగి పంపబడినవారు ఈ మాటను ఏ నిఘంటువు సాయము లేకయే నేర్చిరి. స్పోర్టు అను ఆటమాట కూడ ఈ ఇంటిదే: మనస్సును పనినుండి ప్రక్కకు కొనిపోవునది యని దాని పూర్వార్థము. రైలు స్టేషనులోని పోర్టరు మోయువాడు. పెద్ద హోటలు గుమ్మమున నిలిచియుండు పోర్టరు ద్వారపాలకుడు. మాట ఒకటే, తల్లులు వేఱు.

ఇచ్చట ఒక పొరపాటు సవరింపవలసియున్నది. ఎక్స్‌పోర్టు, ఇంపోర్టు అను మాటలలో వినబడు పోర్టు రేవని చదువుకొన్నవారును తలచుచుందురు. విశాఖవంటి ఊరిలో అట్లు తోచుట సహజమే. కాని అవి మోత వంశపు మాటలు: వెలికి మోయుట, లోనికి మోయుట. రైలుమీద సరిహద్దు దాటిన సరకును, విమానమున పోయిన రొయ్యయును ఎక్స్‌పోర్టే. ఎయిర్‌పోర్టు మాత్రము నిజముగా రేవు, గాలిఓడల రేవు.

ఫోను నెంబరు పోర్టు పెట్టుట మోతకు చేరినది. ఒక కంపెనీనుండి వేఱొక కంపెనీకి పోవునపుడు తన సంఖ్యను తనతో మోసికొనిపోవు హక్కు అది. భారతదేశమంతటను 2011 జనవరి 20వ తేదీన అమలులోనికి వచ్చినది. 1900 అను సంఖ్యకు పోర్టు అని వ్రాసి, ప్రక్కను తన నెంబరు వేసి పంపుట పల్లెలో బడి ముఖము చూడనివారికిని వచ్చును. పెట్టు అను తెలుగు క్రియను దానికి తగిలించి "పోర్టు పెట్టుట" అని చేసిన ఘనత ఏ పండితునిదియు కాదు, కొట్టువద్ద నిలిచినవారిదే.

వీటన్నింటిలో ముచ్చటైనది ఆపర్చునిటీ, అనగా అవకాశము. తెరచాపల కాలమున ఓడ రేవువెలుపల నిలిచి గాలికై వేచియుండెడిది. రేవువైపునకు వీచు గాలికి లాటినువారు పెట్టిన పేరునుండి ఈ మాట పుట్టినది. గాలి ఎప్పుడు ఒడ్డుకు తిరుగునో కనిపెట్టి తెప్ప విప్పు జాలరికి దీనిని వివరింప నక్కఱలేదు. ఉద్యోగ ప్రకటనలలో ఈ మాట చూచి దరఖాస్తు వ్రాయు పట్టభద్రునికి మాత్రము చెప్పవలసియున్నది.

దేశము పేరుకూడ ఈ మాటనుండి పుట్టినది. పోర్చుగల్ అను పేరునకు మూలము పోర్టుస్ కాలే అను ప్రాచీన రేవు. ఆ దేశపు పోర్తో నగరము పేరునకు రేవు అనియే అర్థము. అచ్చటినుండి పీపాలలో వచ్చిన ద్రాక్షసారాయమే పోర్టు వైను. తెలుగువారు బుడతకీచులని పిలిచిన ఆ నావికులు ఈ తీరములకు వచ్చినపుడు తమ దేశపు పేరుతోనే రేవును మోసికొని వచ్చిరన్నమాట.

ఎడమ ప్రక్కకు పోర్టు అను పేరెట్లు వచ్చెను? పూర్వకాలపు ఓడలకు చుక్కాని వెనుకను గాక కుడిప్రక్కను వ్రేలాడెడిది. నడుపుప్రక్క యను అర్థమున కుడివైపు స్టార్‌బోర్డు అయినది. చుక్కాని విఱుగకుండునట్లు ఓడ ఎడమ ప్రక్కను రేవుగోడకు ఆనించి సరకు దింపెడివారు. సరకుప్రక్క యను అర్థమున దానికి లార్‌బోర్డు అని పేరు. స్టార్‌బోర్డు, లార్‌బోర్డు అను ఈ రెండును గాలిహోరులో ఒక్కటిగనే వినబడును. కుడికన్నది ఎడమకని వినినచో ఓడ బండకు తగులును. అందుచే బ్రిటిషు నౌకాదళము 1844లో లార్‌బోర్డు అను మాటను మాన్పి పోర్టు అను మాటను శాసించినది. రేవుగోడవైపు ప్రక్క యని దాని భావము. రాత్రివేళ ఓడ ఎడమ ప్రక్కను ఎఱ్ఱదీపము, కుడి ప్రక్కను పచ్చదీపము ఉండును. కొండమీదినుండి రాత్రి సముద్రము చూచువారు ఈ రెండు రంగులనుబట్టి ఓడ ఎటు పోవుచున్నదో చెప్పవచ్చును: ఎఱ్ఱదీపమొక్కటే కనబడినచో దాని ఎడమ ప్రక్క ఊరివైపున్నది.

మాట మార్చినంతమాత్రమున తిప్పలు తీరలేదు. చుక్కాని పిడిని కుడికి త్రోసినచో ఓడ ఎడమకు తిరుగును గదా. ఆజ్ఞలు పిడినిబట్టి యుండెడివి గాని ఓడనుబట్టి కాదు. 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి మంచుకొండ ఎదురైనపుడు టైటానిక్ ఓడపై ఇచ్చిన ఆజ్ఞ స్టార్‌బోర్డు. ఓడ తిరిగినది పోర్టువైపు. అది నాటి వాడుకప్రకారము సరియైనదే. ఈ తలక్రిందుల పద్ధతి బ్రిటిషు ఓడలలో 1933లో మారినది, అనగా విశాఖ రేవులోనికి మొదటి ఓడ వచ్చిన యేడే.

పోర్టు స్టార్‌బోర్డులతో ముడిపెట్టి చెప్పు కథ ఒకటి కలదు. ఇండియాకు వచ్చు దొరలు ఎండ తగులకుండ పోవునపుడు పోర్టు ప్రక్క, తిరిగి వచ్చునపుడు స్టార్‌బోర్డు ప్రక్క గదులు తీసికొనెడివారనియు, ఆ నాలుగు మాటల మొదటి అక్షరములు కలిసి పాష్ అయినవనియు. పాష్ ఏరియా అను మాట ఇప్పుడు బీచిరోడ్డున అందఱికిని తెలిసినదే. కథ అందముగ నున్నది. సాక్ష్యము మాత్రము ఇంతవరకు ఎవరును చూపలేదు. అందమైన వ్యుత్పత్తులను ముందుగ అనుమానించుట మంచిది.

ఇక పర్యాయపదములు. అసలు చిక్కు ఇచ్చటనే.

తెలుగున రేవనగా నీటిలోనికి దిగు చోటు. స్నానపు రేవు, చాకిరేవు, పడవరేవు; అన్నియు రేవులే. ఎవరినైన గట్టిగ చీవాట్లు పెట్టినపుడు చాకిరేవు పెట్టినాడందురు. అందు ఓడ లేదు, వ్యాపారము లేదు. నేల నీరు కలియుచోటు మాత్రమే కలదు. ఓడకు వాడ యని పాతపేరు. వాడబలిజ అను కులనామమునను, చీరాల ప్రక్కనున్న వాడరేవు పేరునను అది ఇంకను బ్రతికియున్నది. పట్టణము సంస్కృతపు మాట. పూర్వము దానికి రేవుపట్టణమను అర్థము ప్రసిద్ధము. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, మచిలీపట్నము, నిజాంపట్నము, కృష్ణపట్నము అని తీరము వెంబడి పేర్లు చదువుకొనుచు పోయినచో అవి పేర్లవలెగాక రేవుల పట్టికవలె వినబడును. బందరు పారసీకపు మాట. దాని అర్థమును రేవే. మచిలీపట్నమునకు బందరని పేరు పెట్టి, మరల బందరు పోర్టు అనుట రేవురేవు అనుటయే. అందులో తప్పు పట్ట నక్కఱలేదు. జనము పాతమాట అర్థము మఱచినపుడు క్రొత్తమాటను ప్రక్కను నిలువబెట్టుదురు.

హార్బరు అను మాట వేఱు జాతిది. పాత ఇంగ్లీషున దానికి సేనకు విడిది యని అర్థము. దండు రాత్రి తలదాచుకొను చోటు క్రమముగ ఓడ తలదాచుకొను చోటైనది. కాలువలమీద నీరు వదలు లస్కరు పేరుకూడ పారసీకమున సేన యను మాటనుండియే వచ్చినది; దండు విడిచిపోయిన మాటలను నీటిపనివారు ఏరుకొనిరి కాబోలు. ఏమైనను హార్బరునకు ప్రాణము ఆశ్రయము. పోర్టునకు ప్రాణము వ్యాపారము: సరకు, సుంకము, కొలత, రసీదు. హార్బరును ప్రకృతి ఈయవచ్చును. పోర్టును మనుష్యుడు కట్టవలెను.

ఈ భేదమునకు విశాఖపట్నముకంటె మంచి ఉదాహరణము దొరకదు. యారాడ కొండ సముద్రములోనికి ముక్కు చాచి గాలిని అడ్డగించినది. దాని వెనుక మేఘాద్రిగెడ్డ నీరు చేరు చిత్తడినేల యుండెను. అది హార్బరు. కాని ఎన్నో శతాబ్దములు అది పోర్టు కాలేదు. ఓడలు సముద్రములోనే లంగరు దించి నిలువగా, మేకులు లేక పీచుత్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు కెరటములు దాటి సరకు మోసెడివి. భీమునిపట్నమున డచ్చివారి కాలమునుండి జరిగినదియు అట్లే. అది హార్బరు లేని పోర్టు. చిత్తడినేలను త్రవ్వి, దారి లోతుచేసి, ఇసుక మేటవేయకుండ రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగ నిలిపిన పిమ్మట, 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ లోనికి వచ్చినది. ఆ డిసెంబరు 19వ తేదీన విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగ ప్రారంభించినాడు. నాడు ఓడలు నిలుచు తావులు మూడు; ఏటి సరకు లక్షా ముప్పదివేల టన్నులు. ఆ దినముతో చిత్తడి హార్బరు పోర్టైనది. భీమునిపట్నపు పోర్టు వట్టి పట్నమై మిగిలినది.

డాకు అనగా ఓడను కట్టుటకో బాగుచేయుటకో నిలుపు తొట్టి. జెట్టి ఫ్రెంచి మాట, విసిరినది అని అర్థము. ఒడ్డునుండి నీటిలోనికి విసిరినట్లు కట్టిన గట్టు. పడవ దాని ప్రక్కను నిలిచి చేపలు దింపుకొనును. ఇది కోట్ల మాట కాదు. చిన్న ఊరికి తగిన మాట.

ఈ భేదములు పండితుల వినోదము కావు. తీరగ్రామము ప్రభుత్వమునకు అర్జీ వ్రాయునపుడు ఏ మాట వ్రాయవలెనన్నది జీవనోపాధి ప్రశ్న. జెట్టి కావలసినవారు హార్బరని వ్రాసినచో స్థలము చాలదని కాగితము తిరిగివచ్చును. హార్బరు కావలసినవారు పోర్టని వ్రాసినచో, లేక పోర్టు వచ్చుచున్నదని విని సంతసించినచో, వచ్చునది వేఱు: గోడ, కాపలా, పెద్ద ఓడలు నడచు దారి, ఆ దారిలో వల వేయరాదను నిబంధన. గంగవరమున సముద్రపు పాయ జాలరులకు తరతరములుగా రేవు. అచ్చట 2009లో పోర్టు ప్రారంభమైనది. ఉక్కు కర్మాగారము ప్రక్కనే లోతైన రేవు కావున బొగ్గు, ఖనిజము దిగుటకు మిక్కిలి అనుకూలము. కాని రేవు పోర్టైనచోట పాత పడవలు తొలగవలసి వచ్చెను. రెండు మాటలకును నిఘంటువులో ఒకే అర్థమున్నది గదా యని ఆ పడవలవారితో ఎవరు చెప్పగలరు?

శ్రీకాకుళమున ఈ మాటలు వేర్వేఱుగ వాడబడినవి. 2023 ఏప్రిల్ 19వ తేదీన మూలపేటలో పోర్టునకును, బుడగట్లపాలెమున ఫిషింగ్ హార్బరునకును ఒకే దినమున శంకుస్థాపన జరిగెను. రెండు శిలాఫలకములమీద రెండు మాటలు. ఉత్తరాంధ్ర జాలరులు తమ తీరమున పెద్ద పడవ నిలుపుకొను చోటు లేకనే కదా గుజరాతులోని వెరావలు వరకు కూలికి పోవుచున్నది. 2018లో అట్లు పోయి పాకిస్తానువారికి చిక్కిన ఆంధ్ర జాలరులలో 20 మంది 2020 జనవరి 6వ తేదీన వాఘా సరిహద్దున విడుదలయిరి. పదునాలుగు నెలల చెఱకు మూలము వెదకినచో, సొంత ఊర హార్బరు లేకపోవుట అందులో ఒకటి.

ఆశ్రయమైనంతమాత్రమున ఆపద రాదనియు కాదు. విశాఖ ఫిషింగ్ హార్బరున 2023 నవంబరు 19వ తేదీ రాత్రి నిప్పు పుట్టి సుమారు 40 మరపడవలు కాలిపోయెను. గాలికి ఓర్చుటకై దగ్గఱదగ్గఱగ కట్టిన పడవలు నిప్పును ఒకదానినుండి ఒకటి అందుకొనెను.

ఇక మొదట అడిగిన ప్రశ్న. పోర్టుకు ఇన్నవ నెంబరు హెచ్చరిక యనగా నేమి?

వాతావరణశాఖవారు తుఫాను సమయమున రేవులకు పంపు సంఖ్యలు పదునొకండు. సంఖ్య పెరుగుకొలది గాలి పెరుగునని ఊరిలో నమ్మకము. అది కొంతవఱకే నిజము. ఒకటవ సంఖ్య: దూరమున సముద్రములో అల్పపీడనము బలపడుచున్నది, తుఫాను కావచ్చును. రెండవది: దూరమున తుఫాను పుట్టినది, రేవు విడిచిపోవు ఓడలు జాగ్రత్త. ఈ రెంటిలోను ఆపద రేవుకు కాదు, సముద్రముమీది వానికి. కావున ఊరిలో ఎండ కాయుచున్నను ఒకటవ నెంబరును చూచి నవ్వి లోపలికి పోవువాడే ఎక్కువ ఆపదలోనున్నవాడు. మూడవది: రేవునకే ఈదురుగాలుల భయము. నాల్గవది: రేవునకు తుఫాను భయము, అయినను గట్టి ఏర్పాట్లన్నియు చేయునంత ఇంకను రాలేదు.

అయిదు, ఆరు, ఏడు ఒక జట్టు, తుఫాను. ఎనిమిది, తొమ్మిది, పది ఒక జట్టు, తీవ్రమైన తుఫాను. ఒక జట్టులోని మూడు సంఖ్యలకు బలమున భేదము లేదు, దారిలో భేదము. అయిదును ఎనిమిదియు: తుఫాను పోర్టును తన ఎడమప్రక్కను విడిచి పోవును. ఆరును తొమ్మిదియు: తన కుడిప్రక్కను విడిచి పోవును. ఏడును పదియు: పోర్టుమీదుగనో దానికి మిక్కిలి చేరువనో పోవును. కావున తొమ్మిది ఎనిమిదికంటె పెద్ద తుఫాను కాదు. వేఱు దారిని వచ్చునది.

ఎడమ కుడి ఎవరివి? తుఫానువి. సముద్రమునకు వీపుపెట్టి ఊరివైపు నడచివచ్చు మనుష్యునివలె తుఫానును ఊహింపవలెను. ఈ తీరమున అట్టివాని ముఖము పడమటికో వాయవ్యమునకో యుండును. కావున వాని కుడిచేయి భీమునిపట్నము, శ్రీకాకుళముల వైపు; ఎడమచేయి కాకినాడ వైపు. తుఫాను కాకినాడవైపు తీరము దాటినచో విశాఖ దాని కుడిచేతి ప్రక్కను పడును: అది ఆరు, లేక తొమ్మిది. శ్రీకాకుళమువైపు దాటినచో విశాఖ ఎడమచేతి ప్రక్కను పడును: అది అయిదు, లేక ఎనిమిది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినపుడు విశాఖ దాని ఎడమప్రక్కను నిలిచెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను కేంద్రము ఏ ప్రక్కకును తొలగక విశాఖమీదుగనే తీరము దాటెను. నాడు మొదట ఒక దిక్కునుండి గాలి కొట్టి, నడుమ కొంతసేపు ఆగి, తరువాత ఎదుటి దిక్కునుండి కొట్టినది. గాలి ఆగినదని బయటికి వచ్చినవారు రెండవ గాలికి చిక్కిరి.

కుడి ఎడమల భేదము ఊరికి ఎందులకు? ఈ అర్ధగోళమున తుఫానుగాలి గడియారపు ముల్లునకు ఎదురుగ తిరుగును. కావున తూర్పుతీరమున కుడిప్రక్కనున్న ఊరికి గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి నీటిని త్రోసికొని వచ్చును. ఎడమప్రక్కనున్న ఊరికి నేలనుండి సముద్రముమీదికి వీచును. ఉప్పెన భయము కుడివానికి ఎక్కువ. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచినది గాలికంటె ఉప్పెనయే. సుమారు 30,000 మంది మరణించిరి. అట్లని ఎనిమిదవ నెంబరు వినినవాడు నిశ్చింతగ నిద్రింపరాదు. పైకప్పు లేచిపోవుటకు గాలి ఏ దిక్కునుండి వచ్చినను ఒకటే, నేలనుండి వీచు గాలి కట్టు తెగిన పడవను లోపలి సముద్రములోనికి కొనిపోవును. తొమ్మిది వినినపుడు పడవను ఇసుకమీద ఇంకను పైకి, వీలైనచో రోడ్డు దాటించి లాగవలెను. ఎనిమిది వినినపుడు కట్టుత్రాళ్ళను రెట్టింపు చేయవలెను. పని వేఱు గనుకనే సంఖ్య వేఱు.

ఈ హెచ్చరికలు ఇంగ్లీషున వచ్చునపుడు ఒక చమత్కారమైన ఆపద కలదు. పోర్టును ఎడమప్రక్కను విడిచి యను వాక్యమున పోర్టనగా రేవు. ఓడమీద పనిచేసి వచ్చినవాని చెవికి పోర్టనగా ఎడమ. రేవు ఎడమ, ఎడమ ఎడమ అని వినబడి వాడు తుఫానును తప్పుదిక్కున నిలువబెట్టినచో వింతలేదు. ఇంటిలోని నావికుడు చెప్పినాడని నమ్మక, సంఖ్యను అడిగి, పైన చెప్పినట్లు సముద్రమునకు వీపుపెట్టి నిలిచి చేతులు చాచి చూచుకొనుట మేలు.

పగటివేళ రేవు స్తంభముమీద నల్లని శంకువులు, స్తూపములు కట్టియు, రాత్రివేళ ఎఱ్ఱ తెల్ల దీపములు వ్రేలాడదీసియు ఈ సంఖ్యలను చూపుట పూర్వపు పద్ధతి. ఇప్పుడు ఆ సంఖ్య ఫోనులోనికే వచ్చుచున్నది. స్తంభము చూచు వాడుక తగ్గినకొలది సంఖ్యకు అర్థము చెప్పు ముసలివారును తగ్గిరి. పై పది సంఖ్యలను ఒక అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసి, తుఫాను బొమ్మకు రెండు చేతులు గీచి, గ్రంథాలయపు గుమ్మమున వ్రేలాడదీసినచో ఒక గంట పని.

పదునొకండవ సంఖ్యకు మాత్రము కుడి ఎడమలు లేవు. తుఫాను హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదనియు, ప్రమాదము కలదని ఆ రేవు అధికారి తానే తలచుచున్నాడనియు దాని అర్థము.